పరుగుకు కావలసిన బలం, నిలకడ: తరచుగా అడిగే ప్రశ్నలు

పరుగు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకల్లా దాదాపు అందరికీ ఇవే సందేహాలు వస్తాయి. మోకాలు ఎందుకు పట్టేస్తోంది, జిమ్‌కి వెళ్లాలా, బరువులెత్తితే వేగం తగ్గుతుందా అని. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. 5 కిలోమీటర్ల నుంచి మారథాన్ దాకా పరిగెత్తేవాళ్లను, పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి (పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలకి) తయారవుతున్నవాళ్లను మనసులో పెట్టుకుని రాశాను.

## మొదలుపెట్టే ముందు

రోజూ పరిగెత్తుతూనే ఉన్నాను కదా, కాళ్లకి మళ్లీ వేరే వ్యాయామం ఎందుకు?

పరుగుతో దమ్ము పెరిగినంత త్వరగా కండబలం పెరగదు. చిక్కంతా అక్కడే వస్తుంది. పరుగులో రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండవు, ప్రతి అడుగూ ఒంటికాలి మీద దిగడమే. దిగిన ప్రతిసారీ శరీర బరువుకి 2 నుంచి 3 రెట్ల తాకిడి ఆ కాలి మీద పడుతుంది. నిమిషానికి 165 అడుగుల చొప్పున 70 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పూర్తిచేసే మనిషి ఒక్కో కాలి మీద 5,500 సార్లకు పైగా దిగుతాడు. ఆ తాకిడిలో ఎక్కువ భాగాన్ని కండరాలు తీసుకోవాలి. అవి అలిసిపోతే ఆ భారం ఎముకల మీదికి, స్నాయువుల (కండని ఎముకకి కలిపే పట్టీల) మీదికి, కీళ్ల మీదికి వెళ్తుంది. దమ్ము ఉంది కాబట్టి మీరు ఆగరు, కాళ్లు మాత్రం అప్పటికే చేతులెత్తేసి ఉంటాయి.

ఫంక్షనల్ స్ట్రెంగ్త్ అంటే ఏంటి? జిమ్‌లో మామూలుగా చేసేదానికి తేడా ఏంటి?

మీరు చేసే పనికి అక్కరకొచ్చే బలం. పరుగు మన కాళ్లను మూడు పనులు అడుగుతుంది: ఒంటికాలి మీద ఒళ్లంతా మోయాలి, దిగేటప్పుడు కుదుపును తట్టుకోవాలి, ఆ వెంటనే నేలను వెనక్కి తన్నాలి. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ తొడ ముందు కండను పెంచుతుంది గానీ తుంటికి, చీలమండకి అక్కడ పని ఉండదు. అదే ఒక కాలు వెనక స్టూలు మీద పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్‌లో పాదం నుంచి నడుము దాకా అన్నీ కలిసి పనిచేస్తాయి.

అలాగని మెషిన్లన్నీ దండగ అనను. కూర్చుని మడమలెత్తి పిక్కకి పని పెట్టే కాఫ్ రైజ్ మెషిన్ రన్నర్లకు జిమ్‌లో దొరికే అతి మంచి వాటిలో ఒకటి. చూడటానికి పరుగులా ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. పరుగులో అలిసిపోయే కండకి తగినంత బరువు పడుతోందా అన్నదే చూడండి.

నిలకడ అంటే బ్యాలెన్స్ చేయడమేనా?

ఒంటికాలి మీద కదలకుండా నిలబడటం అందులో చిన్న భాగం. అసలు నిలకడ అంటే తాకిడి పడిన క్షణంలో ఒళ్లు రూపం చెదరకుండా ఉండటం. కుడికాలి మీద దిగినప్పుడు ఎడమ తుంటి కిందికి జారకూడదు, కుడి మోకాలు లోపలికి వాలకూడదు, అరికాలి వంపు పూర్తిగా కూలిపోకూడదు. తుంటి జారకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా పిరుదు పక్కన ఉండే గ్లూటియస్ మీడియస్ కండరం. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది బలహీనంగానే ఉంటుంది.

గాలి నింపిన బంతుల మీద, ఊగే పలకల మీద నిలబడే వ్యాయామాలు చూడటానికి బాగుంటాయి. చీలమండ బెణికి కోలుకుంటున్నవాళ్లకి అవి మేలు చేస్తాయి. మిగతావాళ్లు గట్టి నేల మీద, ఒంటికాలితో, చేతిలో బరువుతో చేయడమే మంచిది. ఊగే చోట సరిపడా బరువు ఎత్తలేం, బరువు పడకపోతే బలం రాదు.

నా బలహీనత ఎక్కడుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. చెప్పులు లేకుండా, రెండు కాళ్లకీ విడివిడిగా చూసుకోండి.

ముందు ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి. తర్వాత గోడకి వేళ్లు ఆనించి, మోకాలు వంచకుండా, ఒంటికాలి మునివేళ్ల మీద పూర్తిగా లేచి దిగండి. మడమ మొదటిసారి ఎంత ఎత్తు లేచిందో ప్రతిసారీ అంతే లేవాలి. 20 నుంచి 25 సార్లు రావాలి, పరిగెత్తేవాళ్లలో కూడా చాలామంది 12, 15 దగ్గర ఆగిపోతారు. మూడోది, కుర్చీలోంచి ఒక్క కాలితో లేచి, ధబీమని కూలబడకుండా మెల్లగా కూర్చోవడం. పదిసార్లు చేయగలిగితే సరిపోతుంది. చివరగా ఇంటి మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమ కింది మెట్టుకి తగిలేదాకా మెల్లగా వంగండి. దీన్ని ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీయండి. మోకాలు బొటనవేలి వైపు వాలిపోతోందా, తుంటి ఒక పక్కకి ఒరుగుతోందా అన్నది చేస్తున్నప్పుడు మనకి తెలియదు, వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు కాళ్ల మధ్య కొద్దిపాటి తేడా అందరికీ ఉంటుంది. మునివేళ్ల మీద లేవడం ఒక కాలికి 24, ఇంకో కాలికి 13 వస్తే మాత్రం పని మొదలుపెట్టాల్సింది అక్కడే.

బరువులెత్తితే కాళ్లు లావై వేగం తగ్గదా?

తగ్గదు. వారానికి రెండుసార్లు బరువులెత్తుతూ మూడు నాలుగు సార్లు పరిగెత్తే మనిషికి కండ అంత సులువుగా పెరగదు. ముఖ్యంగా మొదటి ఆరు వారాల్లో పెరిగే బలమంతా దాదాపు నాడీ వ్యవస్థ నుంచి వస్తుంది. అంటే ఉన్న కండనే మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది.

గుంజీళ్లు, బస్కీలు చిన్నప్పటి నుంచి అలవాటు. అవి చాలవా?

పునాదికి చాలా మంచివి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చుని పని చేసుకోవడం అలవాటున్న ఇళ్లలో పెరిగినవాళ్లకి తుంటి, చీలమండ బాగా వంగుతాయి. ఆ వంపు పోగొట్టుకోకండి. కుర్చీలకి, సోఫాలకి అలవాటుపడినవాళ్లు దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నెలల తరబడి తంటాలు పడుతున్నారు.

కానీ రెండు లోపాలున్నాయి. గుంజీళ్లలో బరువు రెండు కాళ్ల మీదా పడుతుంది, కాబట్టి బలమైన కాలు బలహీనమైన కాలి పనిని కూడా చేసేస్తుంది. రెండోది, వంద గుంజీళ్లు తీయగలిగిన మనిషికి నూట ఒకటోది బలాన్ని ఇవ్వదు, ఓర్పును మాత్రమే ఇస్తుంది. ఓర్పు మీకు పరుగు ఎలాగూ ఇస్తోంది. అందుకే సంఖ్య పెంచే బదులు వీపున బ్యాగ్ వేసుకుని బరువు పెంచండి, లేదా ఒక కాలు వెనక్కి పెట్టి ఒంటికాలి మీదికి మార్చండి.

జిమ్‌కి వెళ్లాల్సిందేనా?

మొదటి రెండు మూడు నెలలు అక్కర్లేదు. 5 లీటర్ల నూనె డబ్బా దాదాపు 4.5 కిలోలు, నిండిన 20 లీటర్ల వాటర్ క్యాన్ 20 కిలోలు. గట్టి స్కూలు బ్యాగ్‌లో బియ్యం సంచులు సర్దుకుంటే 10, 15 కిలోలు సులువుగా వస్తాయి. ఒక మెట్టు, ఒక గోడ, ఒక స్టూలు ఉంటే చాలు. బ్యాగ్ బరువు కూడా తేలికనిపించే రోజు వస్తుంది. అప్పుడు బార్, ప్లేట్లు ఉన్నచోటికి వెళ్లడం మంచిది.

యోగా చేస్తున్నాను, సరిపోతుందా?

వృక్షాసనం, వీరభద్రాసనం నిలకడకీ ఒంటి వంపుకీ మేలు చేస్తాయి. కుదుపును తట్టుకునే బలం, నేలను తన్నే బలం వాటితో రావు. యోగా మానొద్దు, దానికి వారంలో రెండు బలం సెషన్లు కలపండి.

## మొదటి ఆరు వారాలు

ఏ వ్యాయామాలతో మొదలుపెట్టాలి?

ఐదు చాలు. ఇంటర్నెట్‌లో కనిపించే ముప్పై రకాల్లో రోజుకొకటి మార్చుకుంటూ పోతే ఏదీ పెరగదు.

స్ప్లిట్ స్క్వాట్: ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, వెనక మోకాలు నేలకి తగిలీ తగలనట్టు వంగి లేవడం. బరువు ముందు పాదం మీదే ఉండాలి. మూడు వారాల తర్వాత వెనక కాలు స్టూలు మీద పెట్టండి.

ఒంటికాలి డెడ్‌లిఫ్ట్: ఒక కాలి మీద నిలబడి, మోకాలు కొద్దిగా వంచి, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర ముందుకి వంగడం. రెండో కాలు వెనక్కి లేస్తుంది. తొడ వెనక కండకీ పిరుదుకీ ఇది చేసే మేలు చాలా ఎక్కువ. మొదట్లో తూలిపోతుంటే గోడకి ఒక వేలు ఆనించుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

స్టెప్ డౌన్: మెట్టు మీద నుంచి ఒంటికాలితో మూడు సెకన్లు తీసుకుని దిగడం. మోకాలు రెండో వేలి దిశలోనే ఉండాలి.

కాఫ్ రైజ్: మడమ ఎత్తి మునివేళ్ల మీద లేచి దిగడం. దీన్ని రెండు రకాలుగానూ చేయాలి, మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, మోకాలు వంచి ఒకసారి. పిక్కలో రెండు పొరల కండరాలుంటాయి. లోపలి పొర సోలియస్. పరుగులో అన్నిటికంటే ఎక్కువ బలం పుట్టించేది అదే, శరీర బరువుకి ఆరు రెట్లు దాటుతుంది. మోకాలు వంచినప్పుడే దానికి పూర్తి పని పడుతుంది. తొడల గురించి అంత శ్రద్ధ పెట్టేవాళ్లు పిక్కను వదిలేయడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే రన్నర్ల నొప్పుల్లో పెద్ద భాగం మోకాలి కిందే పుడుతుంది. ఐదింటిలో ఒక్కదానికే టైమ్ ఉందంటే ఇదే చేయండి.

సైడ్ ప్లాంక్: మోచేతి మీద పక్కకి ఆనుకుని తుంటిని పైకెత్తి ఉంచడం. నడుము పక్క కండలు, పిరుదు పక్క కండ కలిసి పనిచేస్తాయి.

ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు?

మొదటి ఆరు వారాలు ఒక్కో కాలికి 8 నుంచి 12 సార్లు, మూడు సెట్లు. సెట్ ముగిసేసరికి ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించాలి. ఇంకో పది చేయగలిగితే బరువు చాలడం లేదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఆగండి. ఆయాసం రావడం ఇక్కడ లక్ష్యం కాదు. మొత్తం 35, 40 నిమిషాల్లో అయిపోతుంది.

వారంలో ఏ రోజుల్లో చేయాలి? పరుగు ముందా, బలం ముందా?

వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. చాలామంది తేలిక పరుగు రోజున వీటిని పెట్టుకుంటారు. నా సలహా దీనికి ఎదురు. వేగం పరుగు ఉన్న రోజే, పొద్దున పరుగు, సాయంత్రం బలం పెట్టుకోండి. కష్టమంతా ఒక రోజులో పడితే మర్నాడు నిజంగా విశ్రాంతి దొరుకుతుంది. తేలిక రోజున బరువులెత్తితే వారంలో తేలిక రోజనేదే మిగలదు. ఆదివారం లాంగ్ రన్ ఉంటే శనివారం కాళ్ల జోలికి వెళ్లొద్దు.

రెండూ ఒకే పూట చేయక తప్పకపోతే పరుగు ముందు, బలం తర్వాత.

మర్నాడు మెట్లు దిగలేకపోతున్నాను. ఆపేయాలా?

అక్కర్లేదు. కొత్త వ్యాయామం చేసిన 24 నుంచి 72 గంటల మధ్య కండ పట్టేసినట్టు ఉండటం మామూలే. నడుస్తుంటే, వేడి నీళ్లు పోసుకుంటే సర్దుకుంటుంది. రెండో వారానికే సగం తగ్గుతుంది. కీలులో నొప్పి, ఒకే చోట గుచ్చినట్టు నొప్పి, వాపు ఉంటే అది వేరే సంగతి, దాన్ని పట్టించుకోవాలి.

పరుగుకి ముందు స్ట్రెచింగ్ చేస్తాను కదా, చాలదా?

కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ గాయాలను ఆపుతుందని రుజువు కాలేదు, దానితో బలం రాదు. పరుగుకి ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపి, పది స్ప్లిట్ స్క్వాట్లు, పది కాఫ్ రైజులు చేస్తే ఒళ్లు సిద్ధమవుతుంది.

ప్లాంక్ ఎంతసేపు పట్టాలి?

మోచేతులు, మునివేళ్ల మీద ఆని ఒళ్లు పలకలా నిటారుగా ఉంచడమే ప్లాంక్. ఒక నిమిషం నిలకడగా పట్టగలిగితే ఇక టైమ్ పెంచక్కర్లేదు. ఐదు నిమిషాలు పట్టడం ఓపికకి పరీక్ష అంతే. ఆ నిమిషాలను పిక్కకో పిరుదుకో ఇవ్వండి. ప్లాంక్‌లో ఒక కాలు ఎత్తి ఉంచితే అదే పరుగుకి దగ్గరగా ఉంటుంది.

పాదానికి కూడా వ్యాయామం కావాలా?

కావాలి. రోజుకి రెండు నిమిషాలు చాలు, పళ్లు తోముకుంటూ చేసుకోవచ్చు. నిలబడి మిగతా నాలుగు వేళ్లూ నేలకి ఆనించి బొటనవేలు ఒక్కటే లేపండి, తర్వాత దానికి తిరగేసి చేయండి. మొదట వేళ్లు మాట వినవు, రెండు వారాలకి వింటాయి. తర్వాత వేళ్లు ముడవకుండా అరికాలి వంపును దగ్గరికి లాగి పది సెకన్లు పట్టండి. ఇంట్లో చెప్పులు లేకుండా తిరగడం మంచి అలవాటే, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం అలా చేయకూడదు.

## బరువు పెంచే దశ

బరువు ఎప్పుడు, ఎంత పెంచాలి?

మూడు సెట్లలోనూ 12 సార్లు చక్కగా వస్తే తర్వాతి వారం 2 నుంచి 5 కిలోలు పెంచి మళ్లీ 8 నుంచి మొదలుపెట్టండి. రెండు నెలలు గడిచాక బరువు ఇంకా పెంచి, ఒక్కో సెట్‌లో 5, 6 సార్లకి తగ్గించి, సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి. తక్కువ బరువు, ఎక్కువ సార్లు రన్నర్లకు మంచిదన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది. అది తారుమారుగా ఉంది. వేలసార్లు తేలికగా చేయడం పరుగులోనే జరుగుతోంది, ఇక్కడ కావలసింది కొద్దిసార్లు బరువుగా చేయడం.

కండ వారాల్లో బలపడుతుంది, స్నాయువులకి నెలలు పడుతుంది. ఒంట్లో శక్తి వచ్చేసిందని ఆ ఉత్సాహంలో అన్నీ ఒకేసారి పెంచకండి. పరుగు దూరం పెంచే వారంలో బరువు పెంచొద్దు.

బలం పెరిగితే వేగం నిజంగా పెరుగుతుందా?

పెరుగుతుంది. అదే వేగానికి శరీరం వాడుకునే ఆక్సిజన్ తగ్గుతుంది, దీన్ని రన్నింగ్ ఎకానమీ అంటారు. బరువులు, గెంతులు కలిపి కొన్ని నెలలు చేసిన రన్నర్లలో ఇది 2 నుంచి 8 శాతం దాకా మెరుగుపడినట్టు పరిశోధనల్లో తేలింది. స్నాయువులు గట్టిపడి, దిగినప్పుడు దాచుకున్న శక్తిని ఎక్కువగా తిరిగి ఇవ్వడం దీనికి ఒక పెద్ద కారణం. రన్నర్లకి ఇది మొదట తెలిసేది చివరి కిలోమీటర్లలో. అలిసినా ఒళ్లు కిందికి కుంగదు.

గెంతులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఒంటికాలి కాఫ్ రైజ్ 20 సార్లు వచ్చాక. ముందు రెండు కాళ్లతో తాడాట: 20 సెకన్లు ఆడి 40 సెకన్లు ఆగుతూ ఆరుసార్లు. రెండు వారాల తర్వాత ఒంటికాలికి మారండి. మన వీధుల్లో ఆడుకునే తొక్కుడుబిళ్ల ఇదే పని చేస్తుంది. ఒంటికాలితో గెంతి, గీత తొక్కకుండా ఆగి, వంగి బిళ్ల తీసుకోవడంలో బలం, నిలకడ రెండూ ఉన్నాయి. పిల్లలతో కలిసి ఆడండి, సిగ్గు అక్కర్లేదు. పాదం నేలని తాకే చప్పుడు తక్కువగా ఉండాలి. చప్పుడు పెరిగిందంటే అలిసిపోయారు, ఆ రోజుకి ఆపండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలకి మించొద్దు.

పోలీసు ఈవెంట్స్‌కి తయారవుతున్నాను. రోజూ 1600 మీటర్లు పరిగెత్తితే చాలదా?

చాలదు, గాయాలు తెచ్చే దారి కూడా అదే. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని ఉంది. దానితో పాటు లాంగ్ జంప్ 4 మీటర్లు, మహిళలకు 2.5 మీటర్లు, ఆపైన షాట్‌పుట్. జంప్‌కీ షాట్‌పుట్‌కీ కావలసింది పేలుడు లాంటి బలం, అది పరుగుతో రాదు.

నోటిఫికేషన్ పడగానే గట్టి రోడ్డు మీద రోజూ పూర్తి వేగంతో పరిగెత్తేవాళ్లకి మూడో వారానికే కాలి ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. ప్రిలిమ్స్‌కి చదువుతున్నప్పుడే బలం పని మొదలుపెట్టండి, హాస్టల్ గదిలోనే అవుతుంది. వారానికి నాలుగు రోజులే పరుగు. అందులో ఒక్కరోజే పూర్తి వేగం, అదీ 400 మీటర్ల ముక్కలుగా. రెండు రోజులు స్ప్లిట్ స్క్వాట్, కాఫ్ రైజ్, డెడ్‌లిఫ్ట్. చివరి రెండు నెలలు నిలబడిన చోటు నుంచి దూకడం, ఇసుక గుంటలో లాంగ్ జంప్ వారానికి రెండుసార్లు. ఈవెంట్స్ రోజున కొత్త బూట్లు వేసుకోకండి.

మెట్లెక్కడం బలానికి పనికొస్తుందా? అలిపిరి నుంచి కొండెక్కితే?

ఎక్కడం పిరుదులకీ తొడలకీ పిక్కలకీ మంచి పని, పైగా కుదుపు ఉండదు. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మొక్కు కోసం ఎక్కేవాళ్లు దాన్ని వ్యాయామంగా లెక్కేయరు గానీ కాళ్లకి మాత్రం అది పెద్ద రోజే. ఆ వారం బలం సెషన్ ఒకటి మానేయొచ్చు. అపార్ట్‌మెంట్ మెట్లు వారానికోసారి 15, 20 నిమిషాలు ఎక్కినా మేలే. మెట్లెక్కడంలో మడమ పూర్తిగా లేవదు, కాబట్టి కాఫ్ రైజ్‌కి అది బదులు కాదు.

ఏప్రిల్, మే ఎండల్లో పరుగు తగ్గిపోతోంది. ఫిట్‌నెస్ పోతుందేమో?

బలం పెంచుకోవడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి కాలం లేదు. పొద్దున ఆరున్నరకే ఎండ మొహం మీద కొడుతుంటే పరుగు వారానికి మూడుసార్లకి తగ్గించి, బలం మూడుసార్లకి పెంచండి. ఏప్రిల్ చివర మొదలుపెడితే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి 16 వారాలు దొరుకుతాయి. మొదటి ఆరు వారాలు పునాది, తర్వాతి ఆరు బరువు. జూన్‌లో వానలు పడి చల్లబడేసరికి బలమైన కాళ్లతో దూరం పెంచుకుంటూ వెళ్లొచ్చు.

తిండి మార్చాలా? ప్రొటీన్ పౌడర్ కావాలా?

పౌడర్ తప్పనిసరి కాదు. కిలో శరీర బరువుకి రోజుకి 1.4 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి 84 నుంచి 96 గ్రాములు. మన పళ్లెంలో అన్నం గుట్టలా, పప్పు చారులా ఉంటే అది అందదు. 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 12 గ్రాములు, గుడ్డులో 6, కప్పు గడ్డపెరుగులో 6 లేదా 7, 100 గ్రాముల వండిన చికెన్‌లో 27 దాకా ఉంటాయి. శాకాహారులకి మీల్‌మేకర్ చవకైన దారి, 50 గ్రాముల ఎండువాటిలో 25 గ్రాములు వస్తాయి. మూడు పూటలా పంచుకుని తినండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా పెంచకూడదు.

## రేసు దగ్గర పడ్డాక

ఫ్లైఓవర్లు ఎక్కడం కాదు, దిగాకే తొడలు పట్టేస్తున్నాయి. ఎందుకు?

దిగేటప్పుడు తొడ ముందు కండ సాగుతూనే బ్రేకు వేయాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడే కండలో సూక్ష్మమైన చిరుగులు ఎక్కువ. హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు వరుసగా వస్తాయి, ఎక్కడంలో ఆయాసపడి దిగడంలో హాయిగా వదిలేసినవాళ్లు చివర్లో దాని ఫలితం అనుభవిస్తారు.

దీనికి తయారీ సులువు. మూడు నాలుగు సెకన్లు తీసుకుని కిందికి వెళ్లే స్ప్లిట్ స్క్వాట్, స్టెప్ డౌన్ వారానికి రెండుసార్లు. రేసుకి మూడు నాలుగు వారాల ముందు ఒక దిగుడు పరుగు: విశాఖ వాళ్లకి కైలాసగిరి వాలు ఉంది, మిగతాచోట్ల ఒక ఫ్లైఓవర్ చాలు. ఒక్కసారి అలా కండ నొచ్చి కోలుకుంటే తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొప్పి రాదు. దిగేటప్పుడు వెనక్కి వాలకుండా చిన్న చిన్న అడుగులు వేయండి.

రేసు ముందు బరువులు ఎప్పుడు ఆపాలి?

చివరి బరువైన సెషన్ రేసుకి 7 నుంచి 10 రోజుల ముందు. ఆ తర్వాత ఒక్కసారి, సగం బరువుతో, రెండు సెట్లు. చివరి నాలుగు రోజులు ఏమీ వద్దు. పూర్తిగా మూడు వారాల ముందే ఆపేయడం కూడా సరికాదు.

రేసు అయ్యాక?

హాఫ్ మారథాన్ అయితే ఒక వారం, ఫుల్ అయితే రెండు వారాలు బరువులు వద్దు. నడక చాలు. తర్వాత ముందు ఎత్తిన బరువులో సగంతో మొదలుపెట్టండి. రేసులు లేని నెలల్లో వారానికి ఒక గట్టి సెషన్ చేసినా సంపాదించుకున్న బలం నిలుస్తుంది.

## నొప్పి, వయసు, ప్రసవం

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. పరుగు మానేయాలా?

చాలామంది పూర్తిగా మానక్కర్లేదు. నొప్పి పదికి మూడు లోపు ఉండి, మర్నాటికి తగ్గిపోతుంటే దూరం తగ్గించి కొనసాగించొచ్చు. అడుగు కొంచెం చిన్నది చేసి, నిమిషానికి అడుగుల సంఖ్య 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం వెంటనే తగ్గుతుంది. తొడ ముందు కండ, పిరుదు పక్క కండ రెండింటినీ కలిపి బలపరచడం దీనికి బాగా పనిచేసే చికిత్స. మోకాలు వాచినా, మెలిపడి ఇరుక్కున్నట్టు అనిపించినా, కాలు పట్టు తప్పుతున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి.

కాలి ముందు ఎముక నొప్పి ఎంతవరకు మామూలు?

వేలితో నొక్కి చూడండి. ఎముక లోపలి అంచు వెంట నాలుగైదు అంగుళాల మేర నొప్పి, పరుగు మొదట్లో ఎక్కువై తర్వాత తగ్గుతుంటే సాధారణంగా షిన్ స్ప్లింట్స్. రెండు మూడు వారాలు దూరం సగానికి తగ్గించి, సోలియస్ కోసం మోకాలు వంచి కాఫ్ రైజులు చేయండి. వేలి కొన పట్టేంత చోటే భరించలేని నొప్పి, ఒంటికాలితో గెంతితే నొప్పి, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే ఎముకలో సన్నని పగులు కావచ్చు. అప్పుడు పరుగు ఆ క్షణమే ఆపి డాక్టర్‌ని కలవాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు, ఎమ్మారై అవసరం పడొచ్చు. అమ్మాయిలకి నెలసరి ఆగిపోయి ఈ నొప్పి కూడా ఉంటే తిండి చాలడం లేదని అర్థం కావచ్చు, ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

పొద్దున మంచం దిగగానే మడమ కింద పోటు. ఏం చేయాలి?

అది ఎక్కువగా ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింద ఉండే పట్టీకి వచ్చే నొప్పి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి ఒంటికాలి కాఫ్ రైజ్ చేయండి. మూడు సెకన్లు లేవడం, రెండు సెకన్లు ఆగడం, మూడు సెకన్లు దిగడం. రోజు విడిచి రోజు, 12 సార్ల చొప్పున మూడు సెట్లు. రెండు వారాల తర్వాత బ్యాగ్ వేసుకుని 10 సార్ల చొప్పున నాలుగు సెట్లు. ఉత్త స్ట్రెచింగ్ కంటే దీనితో మూడు నెలల్లో ఎక్కువ ఉపశమనం కనిపించింది. ఇంట్లో గట్టి ఫ్లోరింగ్ మీద మెత్తటి చెప్పులు వేసుకోండి.

మడమ వెనక నరం పట్టేసినట్టు ఉంటోంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుందా?

తగ్గినట్టే ఉండి, పరుగు మొదలుపెట్టగానే తిరిగొస్తుంది. పిక్కను మడమకి కలిపే అకిలీస్ స్నాయువుకి బరువే మందు. స్వీడన్‌కి చెందిన సర్జన్ హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది: రెండు కాళ్లతో లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలితో మెల్లగా దిగడం. మోకాలు నిటారుగా 15 సార్ల చొప్పున మూడు సెట్లు, వంచి మూడు సెట్లు, రోజుకి రెండు పూటలా, 12 వారాలు. రెండు మూడు వారాలకి మానేసి పనిచేయలేదనేవాళ్లే ఎక్కువ. నొప్పి సరిగ్గా మడమ ఎముకని అంటుకునే చోట ఉంటే మడమని మెట్టు కంటే కిందికి దించకండి, నేల మీదే చేయండి. ఉన్నట్టుండి ఫట్‌మన్న చప్పుడొచ్చి మునివేళ్ల మీద లేవలేకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నాకు యాభై దాటాయి. ఈ వయసులో బరువులా?

ఈ వయసులోనే ఎక్కువ కావాలి. వయసుతో అడుగు చిన్నదవడానికి పెద్ద కారణం పిక్క, చీలమండల దగ్గర తన్నే బలం తగ్గడం. బలం వ్యాయామానికి కండ ఏ వయసులోనైనా స్పందిస్తుంది. తేడా కోలుకునే టైమ్‌లో ఉంటుంది, కాబట్టి రెండు సెషన్ల మధ్య మూడు రోజులు ఇవ్వండి, బరువు రెండు వారాలకోసారి పెంచండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. గుండె జబ్బు, షుగర్ ఉంటే మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

ప్రసవం అయ్యాక మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చు?

12 వారాల కంటే ముందు వద్దని 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిజేరియన్ అయితే ఇంకా ఆలస్యం కావచ్చు. వారాలు నిండితే చాలదు, ఒళ్లు కూడా సిద్ధంగా ఉండాలి. 30 నిమిషాల నడక, ఒంటికాలి మీద 10 సెకన్ల నిలకడ, ఒక్కో కాలితో 10 చిన్న స్క్వాట్లు, ఉన్నచోటే నిమిషం పాటు జాగింగ్, ఒక్కో కాలితో 10 గెంతులు ఏ ఇబ్బందీ లేకుండా రావాలి. మూత్రం చుక్కలుగా పోవడం, పొత్తికడుపులో ఏదో కిందికి జారుతున్నట్టు బరువు ఉంటే పెల్విక్ ఫ్లోర్ కండరాలు (మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింద నుంచి మోసేవి) ఇంకా కోలుకోలేదు. ఇవి చెప్పుకోవడానికి మొహమాటపడి ఏళ్ల తరబడి భరించేవాళ్లున్నారు. గైనకాలజిస్టుకి చెప్పండి, పెల్విక్ ఫ్లోర్ తెలిసిన ఫిజియో దగ్గరికి పంపమని అడగండి. ఆలోపు నడక, గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి తుంటిని పైకెత్తడం), కాఫ్ రైజ్ డాక్టర్ సరేనన్న రోజు నుంచే మొదలుపెట్టొచ్చు.